తాళం పగలగొట్టలేదు, మరి లోపలికెలా వచ్చాడు?

సంక్రాంతి వెళ్ళిన వారానికి తెనాలి నుంచి పిన్ని ఫోన్ చేసింది. ఎప్పుడూ వాట్సాప్‌లోనే చేసే మనిషి, ఆ రోజు మామూలు కాల్ చేసింది. "నాన్నా, నా వాట్సాప్ నా చేతిలోంచి పోయిందిరా. నేను అడిగినట్టుగా మనవాళ్ళందర్నీ ఎవడో 20 వేలు అడుగుతున్నాట్ట" అంది. ఆ గొంతులో భయం కంటే సిగ్గు ఎక్కువ వినిపించింది. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. మోసపోయానని ఒప్పుకోవడానికి ఆవిడకి ఎంత కష్టమయ్యుంటుందో నాకు తెలుసు.

జరిగింది ఇది. లలితా పారాయణం గ్రూపులో ఉండే ఒకావిడ నంబరు నుంచి పొద్దున్నే మెసేజ్ వచ్చింది: "వదినగారూ, నాకు రావాల్సిన కోడ్ పొరపాటున మీ నంబరుకి వచ్చింది. కాస్త పంపిస్తారా, అర్జెంటు." నిజంగానే ఫోనుకి ఆరంకెల కోడ్ ఒకటి వచ్చి ఉంది. దాన్ని ఎవరికీ చెప్పొద్దని ఆ మెసేజ్‌లోనే రాసి ఉంది. పిన్ని కళ్ళజోడు పెట్టుకోలేదు, అంకెలు పెద్దగా కనిపించాయి, చూసి పంపేసింది. కాఫీ కలుపుకొని వచ్చేసరికి వాట్సాప్ ఆవిడని బయటికి నెట్టేసింది. మెసేజ్ పంపిన ఆ వదినగారి అకౌంటూ అంతకు ముందు రోజే అదే దారిలో పోయిందని తర్వాత తెలిసింది.

అకౌంటు తిరిగొచ్చాక, మనసు కుదుటపడ్డాక పిన్ని ఒక ప్రశ్న వేసింది. "ప్రతి చాటు మొదట్లో పసుపు డబ్బాలో రాసుంటుందిగా, మీ మాటలకి తాళం వేశాం, మేం కూడా చదవలేం అని. మరి వాడు ఆ తాళం ఎలా తీశాడు? వాళ్ళు రాసింది అబద్ధమా?"

మంచి ప్రశ్న. రెండు ముక్కల్లో తేల్చేయబుద్ధి కాలేదు. ఇదే ప్రశ్న ఎన్నో ఇళ్ళలో ఉండే ఉంటుంది. అందుకని తీరిగ్గా చెబుతున్నాను.

ఆ తాళం నిజమేనా?

నిజమే. చాలా గట్టిది కూడా.

పోస్టుకార్డు రోజులు గుర్తు చేసుకోండి. కార్డు మీద రాసింది పోస్టుమాస్టరు చదవొచ్చు, పోస్ట్‌మ్యాన్ చదవొచ్చు, ఇంట్లో అందరికంటే ముందు వీధరుగు మీద కూర్చున్న తాతగారు చదవొచ్చు. టెలిగ్రామైతే చదవకుండా పంపడమే కుదరదు. గుమాస్తా ఒక్కో మాటా లెక్కపెట్టి డబ్బు తీసుకునేవాడు. 2013 జూలైలో మన దేశంలో ఆ టెలిగ్రాం సేవ ఆగిపోయింది గానీ, మామూలు ఎస్సెమ్మెస్ ఇవాళ్టికీ పోస్టుకార్డు లాంటిదే. టెలికాం కంపెనీ యంత్రాలకి అది విప్పిన ఉత్తరమే.

చాలా ఆన్‌లైన్ సేవల్లో దారి పొడవునా కవరు అంటించి ఉంటుంది కానీ మధ్యలో కంపెనీ సర్వర్ దగ్గర విప్పుతారు, మళ్ళీ అంటిస్తారు. ఇంగ్లీషులో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అనే పద్ధతిలో ఆ మధ్య మజిలీలో విప్పడం ఉండదు. పంపిన ఫోన్‌లో మూసింది, అందుకున్న ఫోన్‌లోనే తెరుచుకుంటుంది.

ఇక్కడో పాతకాలపు చిక్కుముడి ఉంది. పెట్టెకి తాళం వేసి పంపితే, తాళంచెవి ఎలా పంపాలి? దాన్నీ అదే దారిలో పంపితే దారిలో ఉన్నవాడు అదీ తీసుకుంటాడు. రాజుల కాలం నుంచీ ఉన్న ఈ చిక్కుకి 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అనే ఇద్దరు ఒక దారి చూపారు. చెవిని పంపకండి, తాళంకప్పని పంపండి. పిన్ని ఫోను ఒక చెవీ, దానికి సరిపోయే తెరిచిన తాళంకప్పలూ తయారు చేసుకుంటుంది అనుకుందాం. కప్పల్ని అడిగిన వాళ్ళందరికీ పంచుతుంది. ఎవరైనా తమ ఉత్తరం పెట్టెలో పెట్టి ఆ కప్పని నొక్కేయొచ్చు. నొక్కడానికి చెవి అక్కర్లేదు. తెరవడానికి మాత్రం కావాలి, ఆ చెవి పిన్ని ఫోన్ దాటి ఎక్కడికీ పోదు. నిజానికి ఇవన్నీ పెద్ద పెద్ద అంకెలు. ముందుకి చేయడం తేలికైన, వెనక్కి చేయడం దాదాపు అసాధ్యమైన లెక్కలు. మినప్పప్పు రుబ్బి పిండి చేయొచ్చు, పిండిలోంచి మళ్ళీ పప్పు ఏరలేం. అలాంటివి.

ఈ ఆలోచన మీద మాక్సీ మార్లిన్‌స్పైక్, ట్రెవర్ పెరిన్ కలిసి కట్టిన పద్ధతే సిగ్నల్ ప్రోటోకాల్. ఇందులో ప్రతి మెసేజ్‌కీ కొత్త తాళం పడుతుంది. ఇవాళ్టి చెవి ఒకటి దొంగ చేతిలో పడినా నిన్నటి ఉత్తరాలు తెరుచుకోవు. వాట్సాప్ 2016 ఏప్రిల్‌లో తన వాడకందార్లందరికీ ఇదే బిగించింది. కాబట్టి పిన్నీ, పసుపు డబ్బాలో రాసింది అబద్ధం కాదు.

మరి వాడు ఎలా వచ్చాడు?

పిన్ని పేరు చెప్పుకుని వచ్చాడు.

వాట్సాప్ దృష్టిలో పిన్ని అంటే ఒక ఫోన్ నంబరు. ఆ నంబరు ఆవిడదేననడానికి రుజువు దానికి వచ్చే ఆరంకెల కోడ్. వాడు తన ఫోన్‌లో పిన్ని నంబరు కొట్టాడు, కోడ్ పిన్నికి వచ్చింది, పిన్ని దాన్ని వాడికి అందించింది. ఆ క్షణం నుంచి వాట్సాప్‌కి వాడే పిన్ని. వాడి ఫోను కొత్త చెవి చేసుకుని, పిన్ని పేరు మీద కొత్త తాళంకప్పలు పంచడం మొదలుపెట్టింది. మా బాబాయి గుంటూరు నుంచి పంపిన మెసేజ్ ఎంతో భద్రంగా, మధ్యలో ఎవరూ చూడకుండా, నేరుగా వాడి ఫోన్‌లో తెరుచుకుంది.

పిన్నికి అన్నిటికంటే ముందు వచ్చిన భయం పాత చాట్ల గురించి. పొలం పట్టాదారు పాస్‌బుక్ ఫొటో, ఆధార్ కార్డు రెండు వైపులా, అన్నీ మా తమ్ముడికి అందులోనే పంపింది. అవి వాడికి దొరకలేదు. పాత మెసేజ్‌లు ఉండేది పిన్ని ఫోన్‌లో, ఆవిడ గూగుల్ అకౌంటులో ఉన్న బ్యాకప్‌లో. కోడ్‌తో ఆ రెండూ తెరుచుకోవు.

అయితే మన బంధువులందరి నంబర్లు వాడికెలా తెలిశాయి? ఫోన్‌బుక్ వాడి దగ్గర లేదు కదా? నేనూ కాసేపు ఆలోచించాను. జవాబు మా కుటుంబం గ్రూపులో ఉంది. అకౌంటు మారినా గ్రూపు సభ్యత్వం పోదు. 41 మంది ఉన్న గ్రూపు ఆ కొత్త ఫోన్‌లోకి అలాగే వెళ్ళింది, 41 నంబర్లతో సహా. ఒక్కొక్కరికీ విడివిడిగా "కొంచెం ఇబ్బందిలో ఉన్నాను, సాయంత్రానికి ఇచ్చేస్తాను" అని పెట్టాడు. మా పెద్దమ్మ కోడలు ఒక్కతే అనుమానించి మామూలు కాల్ చేసింది. లేకపోతే ఇంకో గంటకి గానీ పిన్నికి తెలిసేది కాదు.

తిరిగి తెచ్చుకోవడం మేము అనుకున్నంత కష్టం కాలేదు. సిమ్ము పిన్ని దగ్గరే ఉంది కాబట్టి మళ్ళీ అదే నంబరుతో రిజిస్టర్ చేశాం. కొత్త కోడ్ వచ్చింది, అది కొట్టగానే అవతలివాడు బయటికి పోయాడు. వాడు లోపలుండగా టూ స్టెప్ వెరిఫికేషన్ కింద తన సొంత పిన్ను పెట్టి ఉంటే మాత్రం ఏడు రోజులు ఆగాల్సి వచ్చేది. అప్పుడు కూడా మన కోడ్ పడగానే వాడైతే బయటికి పోతాడు. ఈ సంగతి తెలియక చాలామంది అకౌంటు పోయిందనుకుని వదిలేస్తారు. వదిలేయకండి. డబ్బు పోయి ఉంటే ఆ నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి మారేలోపు ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

ఆ రోజే పిన్ని ఫోన్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టాం. ఆరంకెల పిన్ను, మనమే ఎంచుకునేది. ఇది ఉంటే కోడ్ ఒక్కటే సరిపోదు. రెండు నిమిషాల పని. లింక్డ్ డివైసెస్ అన్న చోట మనకి తెలియని కంప్యూటరేమైనా అతుక్కుని ఉందేమో కూడా చూశాం. మన చాటంతా అవతల స్క్రీన్ మీద కనిపించడానికి ఒక్కసారి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయిస్తే చాలు.

కోడ్ లాగడానికి ఇదొక్కటే దారి కూడా కాదు. కొరియర్ అని ఫోన్ చేసి ఏదో నంబరు నొక్కమంటారు, నొక్కితే మన కాల్స్ వాళ్ళకి మళ్ళుతాయి, కోడ్ కాల్ రూపంలో వాళ్ళకే వెళ్తుంది. ఈ బాధ ఎక్కువై 2024 ఏప్రిల్ 15 నుంచి అలా నంబరు నొక్కి కాల్ మళ్ళించే సదుపాయాన్ని ఆపమని టెలికాం శాఖ కంపెనీలకి చెప్పాల్సి వచ్చింది. పెళ్ళి శుభలేఖ పేరుతోనో, పీఎం కిసాన్ పేరుతోనో వచ్చే ఏపీకే ఫైళ్ళు ఇంకా ప్రమాదం. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకే అంటే ఫోన్‌లో దిగే కొత్త యాప్. అది దిగి అడిగిన అనుమతులన్నీ ఇస్తే మీ ఎస్సెమ్మెస్‌లన్నీ అదే చదువుకుంటుంది. తాళం తీసి మీరు చదివే చోటే అదీ కూర్చుని ఉంటుంది కాబట్టి ఇక తాళంతో పనేముంది?

పెద్దవాళ్ళ ఆటలోనూ ఇదే సూత్రం. 2019లో ఇజ్రాయెల్ కంపెనీ ఎన్‌ఎస్‌ఓ చేసిన పెగాసస్ స్పైవేర్‌ని వాట్సాప్ కాల్‌లో ఉన్న ఒక లోపం ద్వారా దాదాపు 1,400 ఫోన్లలోకి ఎక్కించారు. ఫోన్ ఎత్తక్కర్లేదు కూడా. మన దేశంలోని జర్నలిస్టులు, హక్కుల కార్యకర్తలు అందులో ఉన్నారు. దానికి ఎన్‌ఎస్‌ఓదే బాధ్యత అని అమెరికా కోర్టు 2024 డిసెంబర్‌లో తేల్చింది. అక్కడా తాళం పగల్లేదు, ఫోనే లొంగిపోయింది.

కవరు మూసి ఉన్నా, కవరు మీద ఏముంది?

దీన్ని గురించి జనం తక్కువ మాట్లాడతారు. నాకు ఎక్కువ దిగులు ఇక్కడే.

ఒక ఉత్తరం మూసే ఉంది. కానీ ఎవరు ఎవరికి రాశారో, ఎప్పుడు రాశారో కవరు మీద ఉండాలి, లేకపోతే అది చేరదు. ఒక మనిషి మధ్యాహ్నం క్యాన్సర్ ఆస్పత్రి నంబరుతో మాట్లాడాడు. రాత్రి 11 గంటలకి అక్కతో గంటసేపు. మర్నాడు ఇన్సూరెన్స్ ఏజెంటుతో. ఆ తర్వాత పొలం కొనే బ్రోకరుతో. ఒక్క అక్షరం చదవకుండానే ఆ ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలిసిపోయింది. ఈ కవరు మీది సమాచారాన్నే మెటాడేటా అంటారు.

దాన్ని ఎంత ఉంచుకోవాలన్నది ఆ సేవ నడిపేవాళ్ళ నిర్ణయం. 2016లో అమెరికాలోని వర్జీనియా నుంచి ఒక గ్రాండ్ జ్యూరీ సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ నడిపే సంస్థకి నోటీసు పంపి ఒక వాడకందారు వివరాలన్నీ ఇవ్వమంది. వాళ్ళు ఇవ్వగలిగినవి రెండే: అకౌంటు తెరిచిన సమయం, చివరిసారి సర్వర్‌ని తాకిన సమయం. దాచిపెట్టి ఇవ్వకపోవడం కాదు, వాళ్ళ దగ్గర ఇంకేమీ లేవు. అడిగినా ఇవ్వలేనంత తక్కువ ఉంచుకోవడం కంటే గట్టి హామీ నాకైతే కనిపించదు.

వాట్సాప్ దగ్గర అంతకంటే ఎక్కువే ఉంటుంది. మీ నంబరు, ఫోన్ మోడల్, ఐపీ చిరునామా, మీరున్న గ్రూపులు, ఎంత తరచుగా వాడతారు లాంటివి. 2021 జనవరిలో, ఫేస్‌బుక్‌తో సమాచారం పంచుకోవడం గురించి కొత్త షరతులు ఒప్పుకోండి అని అందరి ఫోన్లలో నోటీసు వచ్చింది గుర్తుందా? ఆ వారాల్లో జనం సిగ్నల్ మీదికి ఎంతగా ఎగబడ్డారంటే దాని సర్వర్లే మొరాయించాయి. ఆ షరతుల్ని ఇష్టమున్నా లేకున్నా ఒప్పుకోవాల్సిందేనన్నట్టు రుద్దడం తప్పని మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబర్‌లో వాట్సాప్ యజమాని మెటాకి 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. మెటా అప్పీలుకి వెళ్ళింది.

కవరు మీదిది బయటివాళ్ళకీ దొరుకుతుంది. వియన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో ఒక చిన్న సదుపాయాన్నే వాడి దాదాపు 350 కోట్ల వాట్సాప్ నంబర్లని పోగు చేసి చూపించారు. మనం ఫోన్‌బుక్‌లో కొత్త నంబరు వేయగానే వాళ్ళకి వాట్సాప్ ఉందో లేదో చెబుతుంది చూడండి, అదే. ఫొటో అందరికీ కనిపించేలా పెట్టుకున్నవాళ్ళ ఫొటోలు కూడా దొరికాయి. తర్వాత మెటా ఆ దారిని బిగించింది. పిన్ని ప్రొఫైల్ ఫొటోలో మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని ఉంటుంది. దాన్ని కాంటాక్టులకి మాత్రమే కనిపించేలా ఆ సాయంత్రమే మార్చేశాను.

అన్ని యాప్‌లూ ఒకటేనా?

కాదు. టెలిగ్రాం యాప్‌ని ఎంత రహస్యమైనదని అనుకున్నా, అందులో మామూలు చాట్లు, గ్రూపులు కంపెనీ సర్వర్లలో కంపెనీ తెరవగలిగేలా ఉంటాయి. సీక్రెట్ చాట్ అని విడిగా తెరిస్తేనే ఫోన్ నుంచి ఫోన్‌కి తాళం.

గల్ఫ్ సంగతి ఇంకా వేరు. కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి దుబాయ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో అడగండి. అక్కడ వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది, కాల్ కలవదు. ఎమిరేట్స్‌లో ఇంటర్నెట్ కాల్స్‌కి అనుమతి ఉన్న యాప్‌లే పని చేస్తాయి. ఇంటి మీద బెంగతో ఉన్నవాడు పని చేసే యాప్ ఏదైతే అది వేసుకుంటాడు, అందులో తప్పు పట్టేదేముంది? 2019లో టోటాక్ అనే యాప్ అక్కడ అలాగే దూసుకుపోయింది. ఉచితంగా, అడ్డంకి లేకుండా వీడియో కాల్ కలిసేది. ఆ ఏడాది డిసెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ దాని గురించి రాసింది: ఆ యాప్ ఎమిరేట్స్ ప్రభుత్వ నిఘా సాధనమని, మాటలు, పరిచయాలు, ఎక్కడున్నారన్నది అన్నీ అటు వెళ్తాయని. టోటాక్ వాళ్ళు కాదన్నారు. గూగుల్, ఆపిల్ తమ స్టోర్ల నుంచి దాన్ని తీసేశాయి. పిల్లాడి ముఖం చూపించడానికి వేసుకున్న యాప్ అది. అంతకంటే నా మనసు కలచివేసిన సంగతి ఈ విషయంలో ఇంకొకటి లేదు.

నేరగాళ్ళని పట్టుకోవాలంటే ప్రభుత్వానికి చెవి ఇవ్వొద్దా?

ఈ ప్రశ్న వేసేవాళ్ళని కొట్టిపారేయలేను. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయన్న ఫార్వర్డులు మన ఊళ్ళని ఎలా వణికించాయో చూశాం. ఆ జూలైలో హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకి వెళ్ళి, పిల్లలకి చాక్లెట్లు పంచిన పాపానికి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు మూక చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. మొదట ఆ అబద్ధం పుట్టించినవాడెవడో తెలియాలని ఎవరికుండదు?

2021 ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ నిబంధనలు అదే అడిగాయి: 50 లక్షలకి మించి వాడకందార్లున్న మెసేజింగ్ సేవ, కోర్టో అధికారులో ఆదేశిస్తే, ఒక మెసేజ్‌ని మొదట పంపిందెవరో చెప్పగలగాలి. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. చిక్కు ఎక్కడంటే, రేపు ఏ మెసేజ్ గురించి అడుగుతారో ఇవాళ తెలియదు. అందుకని ప్రతి ఒక్కరి ప్రతి మెసేజ్ మీదా ముందే గుర్తు వేసి ఉంచాలి. ఒక్క దొంగ కోసం ఊరందరి వేలిముద్రలు ప్రతి ఉత్తరం మీదా. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పిన దేశంలో ఈ బేరం నాకు సమ్మతం కాదు. మంచివాళ్ళకి మాత్రమే తిరిగే చెవి అంటూ లెక్కల్లో ఉండదు.

తాళం జోలికి పోకుండానే చేయగలిగినవి ఉన్నాయి, చేశారు కూడా. అదే 2018లో వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ కాకుండా ఆపింది. 2020 ఏప్రిల్ నుంచి చేతులు బాగా మారిన మెసేజ్ ఒకసారికి ఒక్క చాటుకే వెళ్తుంది. 2018లో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్ళకి పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి, ఫార్వర్డ్ వచ్చిందే నిజం కాదని ఇంటింటికీ చెప్పించారు. ఆ ఊళ్ళలో మూక చేతిలో ఒక్క ప్రాణం పోలేదు.

ఇంకెక్కడ కారుతుంది?

బ్యాకప్‌లో. ఫోన్‌లో అంత భద్రంగా ఉన్న చాటు రాత్రి రెండింటికి గూగుల్ డ్రైవ్‌లోకో ఐక్లౌడ్‌లోకో వెళ్తుంది. దానికీ తాళం వేసే వీలు వాట్సాప్ 2021 అక్టోబర్ నుంచి ఇస్తోంది, కానీ మనం వెళ్ళి పెట్టుకోవాలి. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే బ్యాకప్‌ని ఎవరూ తెరవలేరు, మనం కూడా. అందుకని పిన్ని దాన్ని ఇనప్పెట్టెలో నగల రసీదుల పక్కన రాసి పెట్టుకుంది.

తర్వాత, అవతలి మనిషి. స్క్రీన్‌షాట్‌కి ఏ ఎన్‌క్రిప్షనూ అడ్డు రాదు. రిపోర్ట్ బటన్ నొక్కితే ఆ చాటులోని చివరి ఐదు మెసేజ్‌ల దాకా కంపెనీకి వెళ్తాయి, వేధింపులు ఎదుర్కొనేవాళ్ళకి అది కావాల్సిందే కూడా. ఇక గ్రూపులో ఎవరున్నారన్నది చూసుకోకపోతే ఏమవుతుందో 2025 మార్చిలో లోకమంతా చూసింది. యెమెన్ మీద దాడి గురించి అమెరికా భద్రతా పెద్దలు సిగ్నల్‌లో గ్రూపు పెట్టుకుని, పొరపాటున అట్లాంటిక్ పత్రిక సంపాదకుడు జెఫ్రీ గోల్డ్‌బర్గ్‌ని అందులో చేర్చేశారు. సిగ్నల్ తన పని తాను సరిగ్గా చేసి, ఆ యుద్ధ వివరాల్ని ఆయనకి భద్రంగా అందించింది.

ఇవన్నీ విన్నాక పిన్ని కాసేపు మాట్లాడలేదు. "సరే, వాడు నేనయ్యాడు. రేపు నీ పేరుతో మెసేజ్ వస్తే అది నువ్వేనని నాకెలా తెలుస్తుంది?" అంది.

దానికీ ఒక పద్ధతి ఉందని చెప్పాను. చాటులో పేరు మీద నొక్కితే ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది, అందులో 60 అంకెలుంటాయి. రెండు ఫోన్లలోనూ ఒకటే ఉంటే మధ్యలో మరొకడు లేడని లెక్క. ఎవరి ఫోనైనా మారితే అంకెలు మారిపోతాయి. అవి మారినప్పుడు చెప్పమని సెట్టింగుల్లో పెట్టుకోవచ్చు కూడా.

"అయితే చూద్దాం" అంది. మామూలు కాల్‌లోనే ఉన్నాం. కళ్ళజోడు తెచ్చుకుంది. ఐదేసి అంకెల చొప్పున పన్నెండు జట్లు, బళ్ళో ఎక్కాలు చెప్పించినట్టు ఒక్కోటీ చదివింది. నేను నా ఫోన్‌లో చూస్తూ ఊఁ కొట్టాను. ఏడో జట్టు దగ్గర నేను తొందరపడి ముందుకి పోతే ఆపి, మళ్ళీ మొదట్నుంచి చదివింది. పన్నెండోది కూడా సరిపోయింది. "ఇప్పుడు ఆ వదినగారింటికి వెళ్ళొస్తా. ఆవిడ అకౌంటు ఇంకా వాడి దగ్గరే ఉందిట" అని ఫోన్ పెట్టేసింది.